బిస్మార్క్ అంతా ముందే ప్లాన్ చేశాడా? ఒక సివిల్స్ అమ్మాయి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: మేడం, నేను హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి సివిల్స్‌కి చదువుతున్నా. హిస్టరీ ఆప్షనల్, డిగ్రీ దాకా తెలుగు మీడియమే. జర్మనీ ఏకీకరణ మీద ఆన్సర్ మూడుసార్లు రాశాను, మూడుసార్లూ "కథ చెప్పావు, విశ్లేషణ లేదు" అని వెనక్కి వచ్చింది. తేదీలన్నీ నోటికొచ్చు, అయినా ఏం తప్పు చేస్తున్నానో అర్థం కావట్లేదు. అసలు ప్రష్యా ప్రధాని బిస్మార్క్ డెన్మార్క్, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లతో చేసిన మూడు యుద్ధాలూ 1862లోనే ప్లాన్ వేసుకున్నాడా? మా రూమ్మేట్ ఏమో పటేల్‌ని ఇండియన్ బిస్మార్క్ అంటారు కదా, అది కూడా కలిపి రాయి, మార్కులొస్తాయి అంటోంది. రాయొచ్చా?

జవాబు:

చూడు తల్లీ, తేదీలు నోటికొచ్చాయంటే సగం పని అయినట్టే, దాని గురించి బెంగ పెట్టుకోకు. నువ్వు జత చేసి పంపిన ఆన్సర్ రెండుసార్లు చదివాను. 1864లో డెన్మార్క్ ఓడింది, 1866లో ఆస్ట్రియా ఓడింది, 1870లో ఫ్రాన్స్ ఓడింది, 1871లో సామ్రాజ్యం వచ్చింది, అన్నీ కరెక్టే, ఒక్క తప్పు లేదు. కానీ నీ ఆన్సర్‌లో ఉన్నోళ్లంతా యుద్ధానికి వచ్చినోళ్లే, రానోళ్లు ఒక్కరు కూడా లేరు. నాకు తెలిసి ఈ టాపిక్ గుట్టంతా ఆ రానోళ్ల దగ్గరే ఉంది. యూరప్‌లో అప్పట్లో పెద్ద రాజ్యాలు ఐదు, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, ఆస్ట్రియా, ప్రష్యా. అందులో అన్నిటికంటే చిన్నది ప్రష్యా, విడివిడిగా ఉన్న జర్మన్ రాజ్యాలని చివరికి కలిపింది అదే. నడిమధ్యలో ఉన్న ఆ చిన్నది ఏడేళ్లలో మూడు యుద్ధాలు చేస్తే మిగతా వాళ్లు కలిసి మీద పడకుండా ఎవరింట్లో వాళ్లు ఎందుకు కూర్చున్నారు? ప్రతి యుద్ధం దగ్గరా ఈ ప్రశ్న వేసుకున్నావనుకో, విశ్లేషణ దానంతట అదే వస్తుంది.

ముందు 1850కి వెళ్దాం, అప్పటికి బిస్మార్క్ పెద్ద పేరున్న మనిషి కాదు. ఆ ఏడాది ప్రష్యా తన నాయకత్వంలో ఒక జర్మన్ యూనియన్ కట్టాలని చూస్తే ఆస్ట్రియా కన్నెర్ర చేసింది, వెనకాల రష్యా నిలబడింది, ప్రష్యా ఓల్మూట్జ్‌లో తలొంచి సంతకం పెట్టి వచ్చేసింది. అంటే రష్యా ఆస్ట్రియా వైపు ఉన్నంతకాలం ప్రష్యా ఏమీ చేయలేదు. అంతకు ముందు సంవత్సరమే, 1849లో, హంగరీ తిరుగుబాటు అణచడానికి రష్యా జార్ సైన్యం పంపి ఆస్ట్రియాని నిలబెట్టాడు కూడా. మరి అలాంటి రష్యాకి 1853-56 క్రిమియా యుద్ధంలో ఆస్ట్రియా ఏం చేసిందో తెలుసా, సాయం చేయకపోగా అల్టిమేటం ఇచ్చి డాన్యూబ్ నది దగ్గరి రాజ్యాల నుంచి రష్యా సైన్యాన్ని వెళ్లిపోయేలా చేసింది. ఆ మంట రష్యా మర్చిపోలేదు. దీనికి తోడు 1863లో రష్యా చేతికింద ఉన్న పోలండ్‌లో తిరుగుబాటు వస్తే బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రియా జార్‌ని తప్పుబడితే బిస్మార్క్ ఒక్కడే సహకారం ఇస్తానని ఒప్పందం పంపాడు, అదే ఆల్వెన్స్‌లెబెన్ ఒప్పందం. సొంత ప్రష్యాలోనే లిబరల్స్ తిట్టిపోశారు, అయినా లెక్క చేయలేదు. నీ ఆన్సర్‌లో ఇదొక్క లైనైనా ఉండాలి, ఎందుకంటే తర్వాత మూడు యుద్ధాల్లోనూ తూర్పు సరిహద్దు మీద ప్రష్యా నిశ్చింతగా ఉందంటే కారణం ఇక్కడే ఉంది. అందులోనూ పెద్ద ముక్క, అదే క్రిమియా విషయం, బిస్మార్క్ చేసింది కాదు, ఆస్ట్రియా తనకు తానే చేసుకుంది. నీ "ప్లాన్" ప్రశ్నకి సగం జవాబు ఇదే.

"రక్తం-ఉక్కు" ఉపన్యాసం గురించి నువ్వు ఒక పేరా మొత్తం రాశావు, దాన్ని రెండు లైన్లకి కుదించు. పెద్ద ప్రశ్నలు తేలేది ఉపన్యాసాలతో కాదు, రక్తం-ఉక్కుతో అని 1862 సెప్టెంబర్ 30న బడ్జెట్ కమిటీలో అన్న మాట అది, అసలు గొడవ సైన్యం ఖర్చు గురించి. రాజు మొదటి విల్‌హెల్మ్ సైన్యాన్ని పెంచాలంటాడు, అసెంబ్లీ డబ్బులివ్వనంటుంది, రాజు గద్దె దిగిపోదామా అనుకునే దాకా వెళ్లింది, అప్పుడు వారం ముందు ఈయన్ని ప్రధానిగా పెట్టుకున్నాడు. కాబట్టి అది ఏకీకరణకి వేసిన బ్లూప్రింట్ కాదు, అసెంబ్లీని బెదిరించడానికీ, లిబరల్స్‌ని కాస్త తన వైపు లాగడానికీ అన్న మాట. నోరుజారాడని ఆయన్ని పెట్టినోళ్లే కంగారుపడ్డారు. మన గైడ్లలో దాన్ని పెద్ద మేనిఫెస్టో లాగా రాసేస్తారు, నువ్వలా రాయకు.

సరే, డెన్మార్క్. ఇక్కడ అందరూ కన్‌ఫ్యూజ్ అయ్యేది ష్లెస్విగ్, హోల్‌స్టయిన్ అనే రెండు డచీల (డ్యూక్ పేరు మీద ఉండే ప్రాంతాల) వారసత్వం గొడవలో, దాంట్లోకి మరీ లోతుగా దిగకు. నీకు కావాల్సింది ఇంతే: 1852 లండన్ ఒప్పందంలో ఆ రెండు డచీలూ డెన్మార్క్ రాజు కిందే ఉంటాయి కానీ ష్లెస్విగ్‌ని డెన్మార్క్‌లో కలిపేయకూడదు అని పెద్ద దేశాలు తేల్చాయి, 1863 నవంబర్‌లో డెన్మార్క్ కొత్త రాజ్యాంగం తెచ్చి ష్లెస్విగ్‌ని దగ్గరకు లాక్కుంది. జర్మన్ జాతీయవాదులంతా ఆగస్టెన్‌బర్గ్ యువరాజుకి ఆ డచీలు ఇచ్చేయాలి, కొత్త జర్మన్ రాజ్యం పెట్టాలి అని ఊగిపోతున్నారు. బిస్మార్క్ వాళ్లతో కలవలేదు. నేను లండన్ ఒప్పందాన్ని కాపాడటానికే వెళ్తున్నా అన్నాడు, ఒప్పందం మీద సంతకం పెట్టిన ఆస్ట్రియాని కూడా వెంటబెట్టుకెళ్లాడు. దాంతో బ్రిటన్, రష్యా నోటికి తాళం పడ్డట్టయింది, ఒప్పందాన్ని ఉల్లంఘించింది డెన్మార్కే కదా మరి! బ్రిటన్ ప్రధాని పామర్‌స్టన్ అంతకు ముందు డెన్మార్క్ జోలికొస్తే ఒక్క డెన్మార్క్‌తోనే కాదు పోరాడాల్సింది అని పార్లమెంట్‌లో గట్టిగా అన్నాడు, కానీ నేల మీద యుద్ధం చేయాలంటే ఫ్రాన్స్ సైన్యం కావాలి, ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ఏమో యూరప్ సమావేశం పెడదామని తను అడిగితే బ్రిటన్ కాదందని అలిగి ఉన్నాడు. 1864 ఫిబ్రవరి 1న మొదలైన యుద్ధం అక్టోబర్ 30 వియన్నా ఒప్పందంతో ముగిసింది, ఏప్రిల్ 18న డ్యుబెల్ కోట పడటమే అందులో పెద్ద ఘట్టం. డచీలు ప్రష్యా, ఆస్ట్రియా ఇద్దరి చేతికీ వచ్చాయి. తగాదా లేకుండా ఉంటుందా చెప్పు, 1865 ఆగస్టులో గాస్టయిన్‌లో పంచుకున్నారు, ష్లెస్విగ్ ప్రష్యాకి, హోల్‌స్టయిన్ ఆస్ట్రియాకి. మ్యాప్ తెరిచి చూడు, ఆస్ట్రియా తన దేశానికి ఎక్కడో దూరంగా, చుట్టూ ప్రష్యా పలుకుబడి ఉన్న చోట ఒక ముక్క పట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు 1866. నువ్వు అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టాల్సింది దీని మీదే, నీ ఆన్సర్‌లో నాలుగు లైన్లే ఉంది. ఏప్రిల్ 8న ఇటలీతో పొత్తు కుదిరింది, దాని గడువు మూడు నెలలే, ఆ మూడు నెలల్లో ప్రష్యా ఆస్ట్రియా మీద యుద్ధానికి దిగితే ఇటలీ కూడా దిగుతుంది, ప్రతిఫలం అప్పటికి ఆస్ట్రియా చేతిలో ఉన్న వెనీషియా. అంటే గడియారం నడుస్తోంది, జులై మొదటి వారం దాటితే పొత్తు లేదు. ఆస్ట్రియా రెండు వైపులా పోరాడాలి. ఇక ఫ్రాన్స్ ఎందుకు కదల్లేదంటే నెపోలియన్ లెక్క వేరు, ఇది ఏళ్ల తరబడి సాగే యుద్ధం అవుతుంది, ఇద్దరూ అలసిపోయాక నేను మధ్యవర్తిగా వచ్చి కావాల్సింది తీసుకుంటా అని. ఆయన ఆస్ట్రియాతో కూడా జూన్ 12న రహస్య ఒప్పందం చేసుకున్నాడు, గెలిచినా సరే వెనీషియా వదిలేస్తానని ఆస్ట్రియా మాటిచ్చింది. ఆ తర్వాత అదే వెనీషియా కోసం జూన్ 24న కుస్టోజ్జా దగ్గర ఇటలీతో పోరాడి గెలిచింది కూడా! ఇవ్వడానికి ముందే ఒప్పుకున్న భూమి కోసం అంతమంది సైనికులు చచ్చిపోయారు. నేను ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

ఇంకోటి, నువ్వు "ప్రష్యా నాయకత్వంలో జర్మన్లు ఆస్ట్రియాని వెళ్లగొట్టారు" అని రాశావు, అది కొట్టెయ్. బవేరియా, సాక్సనీ, హనోవర్, వూర్టెంబర్గ్, బాడెన్, అంటే చెప్పుకోదగ్గ జర్మన్ రాజ్యాలు చాలా మటుకు ఆస్ట్రియా పక్షానే ఉన్నాయి. అది అన్నదమ్ముల యుద్ధం. ఇక్కడే నీకు ఒక మంచి పాయింట్ ఇస్తాను చూడు: ఈ రాజ్యాలన్నీ ప్రష్యా నడిపే కస్టమ్స్ యూనియన్‌లో, అదే 1834 నాటి జోల్వరైన్‌లో, సభ్యులే. వ్యాపారం ప్రష్యాతో చేస్తూనే తుపాకీ ప్రష్యా మీద ఎక్కుపెట్టాయి. కాబట్టి "ఆర్థిక ఐక్యత వల్ల రాజకీయ ఐక్యత వచ్చింది" అనే రెడీమేడ్ లైన్ అలాగే దించేయొద్దు. రైల్వేలు, బొగ్గు, ఉక్కు ప్రష్యాకి బలం ఇచ్చాయి, అది నిజం, కానీ మిగతా రాజ్యాల మనసు మార్చలేదు.

యుద్ధరంగం గురించి ఎక్కువ వద్దు. ప్రష్యా సైన్యాధిపతి మోల్ట్కే ఐదు రైలు మార్గాల మీద సైన్యాన్ని సరిహద్దుకి చేర్చాడు, ఆస్ట్రియాకి ఒకటే లైన్. ప్రష్యా సైనికుడి దగ్గర వెనక నుంచి గుండు పెట్టే డ్రైజె తుపాకీ, పడుకునే లోడ్ చేసుకోవచ్చు, ఆస్ట్రియా సైనికుడు గొట్టం మూతి నుంచి దట్టించుకోవాలి, దానికి లేచి నిలబడాలి. జులై 3న కోనిగ్రాట్జ్ దగ్గర, దీన్నే సడోవా అని కూడా అంటారు, మధ్యాహ్నం ప్రష్యా యువరాజు సైన్యం వచ్చి పక్క నుంచి కొట్టేసరికి అయిపోయింది. గట్టిగా ఏడు వారాలు.

ఆ తర్వాత జరిగింది మాత్రం వదలకు. జులై చివర్లో నికోల్స్‌బర్గ్‌లో శిబిరం, సైన్యంలో కలరా, వియన్నా దగ్గర్లోనే ఉంది. రాజు, జనరల్స్ అందరూ వియన్నాలో కవాతు చేద్దాం, ఆస్ట్రియా నుంచి, సాక్సనీ నుంచి భూములు లాక్కుందాం అంటున్నారు. యుద్ధం కావాలని తెచ్చిన మనిషే ఇప్పుడు వద్దు అంటున్నాడు. ఆస్ట్రియాని అవమానిస్తే రేపు ఫ్రాన్స్‌తో కలుస్తుంది, మనకి ఆస్ట్రియా మళ్లీ కావాలి అని ఆయన వాదన. రాజు ఎంతకీ వినకపోతే కిటికీలోంచి దూకేద్దామా అనిపించిందని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆఖరికి తనకి ఎప్పుడూ పడని యువరాజే వెళ్లి తండ్రిని ఒప్పించాడు. ఆస్ట్రియా ప్రష్యాకి తన సొంత గడ్డ ఒక్క ఊరు కూడా ఇవ్వలేదు, వెనీషియా ఇటలీకి పోయింది, డచీల మీద హక్కు వదులుకుంది, జర్మన్ వ్యవహారాల నుంచి బయటకి వెళ్లిపోయింది. 1870లో ఆస్ట్రియా ఇంట్లో కూర్చోవడానికి ఒక పెద్ద కారణం ఈ నికోల్స్‌బర్గ్. నన్నడిగితే ఈ ఆన్సర్‌కి గుండెకాయ కోనిగ్రాట్జ్ కాదు, నికోల్స్‌బర్గే.

అలాగని ఆయన్ని దయగల మనిషి అనుకోకు. అదే ఏడాది హనోవర్, హెస్సె-కాసెల్, నాసౌ, ఫ్రాంక్‌ఫర్ట్‌లని అడ్డంగా కలిపేసుకున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్ స్వతంత్ర నగరం, దాని మీద ప్రష్యా సైన్యం 2.5 కోట్ల గిల్డర్ల జరిమానా వేసి, కట్టమని నగరాన్ని నలిపేస్తుంటే మేయర్ కార్ల్ ఫెల్నర్ జులై 24న ఉరేసుకుని చనిపోయాడు. ఏకీకరణ అనే మాట వినడానికి బాగుంటుంది గానీ ఆ ఊరివాళ్లకి అది అలా వచ్చింది. ఒక్క వాక్యమైనా దీనికి ఇవ్వు, మార్కుల కోసం మాత్రమే కాదు.

ఇక దక్షిణ రాజ్యాలు. 1866 ఆగస్టులో నెపోలియన్ రాయబారి బెనెడెట్టి వచ్చి మేం తటస్థంగా ఉన్నందుకు రైన్ ఒడ్డున మైంజ్, పాలటినేట్ కావాలి అన్నాడు, పాలటినేట్ బవేరియాది. ఆ డిమాండ్‌ని చూపించే బిస్మార్క్ బవేరియాతో రహస్య సైనిక ఒప్పందం చేసుకున్నాడు, వూర్టెంబర్గ్, బాడెన్‌తో కూడా. అది కుదరక ఫ్రాన్స్ బెల్జియం మీద కన్నేసింది, దాని మీద బెనెడెట్టి చేతిరాతతోనే ఒక ముసాయిదా బిస్మార్క్ దగ్గర మిగిలింది. దాన్ని ఏళ్ల తరబడి దాచి, 1870 జులై 25న, యుద్ధం మొదలైన వారానికి, లండన్ టైమ్స్‌లో అచ్చేయించాడు. బెల్జియం జోలికొస్తే బ్రిటన్ ఊరుకోదు కదా, ఇంకెక్కడి సానుభూతి ఫ్రాన్స్ మీద!

మరి 1870 ప్లానేనా అంటే, 1868లో కస్టమ్స్ పార్లమెంట్ ఎన్నికల్లో బవేరియా, వూర్టెంబర్గ్ జనం ప్రష్యా వ్యతిరేకులకే ఓట్లేశారు, 1869 ఫిబ్రవరిలో బిస్మార్కే ఒక లేఖలో జర్మన్ ఐక్యత ఇంకా పండని కాయే అన్నట్టు రాశాడు. తర్వాత ఖాళీగా ఉన్న స్పెయిన్ సింహాసనానికి హోహెన్‌జొల్లెర్న్ వంశపు లియోపోల్డ్ పేరు ముందుకు తోసింది ఆయనే, కానీ అది జులై మొదట్లో బయటపడి ఫ్రాన్స్ మండిపడితే జులై 12న లియోపోల్డ్ తండ్రి విరమించుకున్నాడు. అక్కడితో ఫ్రాన్స్ గెలిచినట్టే, బిస్మార్క్ ఓడినట్టే! ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి గ్రామోన్ అక్కడ ఆగుంటే చరిత్ర వేరేగా ఉండేది. ఆగలేదు, ఇంకెప్పుడూ ఇలా చేయం అని రాజు హామీ ఇవ్వాలి అన్నాడు. జులై 13న ఎమ్స్ అనే ఊళ్లో బెనెడెట్టి రాజుని అడిగితే ఆయన మర్యాదగానే కాదన్నాడు, ఆ విషయం టెలిగ్రామ్‌గా బెర్లిన్ వచ్చింది, మోల్ట్కే, యుద్ధమంత్రి రూన్‌తో భోజనం చేస్తున్న బిస్మార్క్ దాన్ని కత్తిరించి పొట్టిగా చేసి పేపర్లకిచ్చాడు. కత్తిరించాక అది రాజు రాయబారిని గుమ్మంలోంచి పంపేసినట్టు వినిపించింది. 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది. యుద్ధం ప్రకటించింది ఫ్రాన్స్ కాబట్టి దక్షిణ రాజ్యాల రహస్య ఒప్పందాలు అమల్లోకి వచ్చాయి. రానివాళ్ల లెక్క చూడు: ఆస్ట్రియాలో కొందరికి పగ ఉన్నా హంగరీ నాయకులు ఒప్పుకోలేదు, పైగా రష్యా వెనక నుంచి కన్నేసి ఉంది, ఇటలీకి రోమ్ కావాలి, అక్కడ కాపలా ఉన్నది ఫ్రాన్స్ సైన్యం, ఆ సైన్యం వెళ్లిపోగానే సెప్టెంబర్ 20న ఇటలీ రోమ్‌లో దిగింది, రష్యాకి క్రిమియాలో ఓడాక 1856లో నల్ల సముద్రం మీద పడిన ఆంక్షలు పోవాలి, అక్టోబర్‌లో వాటిని చించేసింది.

కాబట్టి ప్లాన్ ప్రశ్నకి నా జవాబు: దిక్కు తెలుసు, దారి తెలియదు. ఉత్తర జర్మనీ మీద ప్రష్యా పెత్తనం రావాలి, ఆస్ట్రియా తప్పుకోవాలి, ఇంతవరకు ఆయన మనసులో గట్టిగా ఉంది. దానికి ఏ తలుపు తెరుచుకుంటే ఆ తలుపులోంచి వెళ్లాడు, ఎప్పుడూ రెండు మూడు తలుపులు తెరిచి పెట్టుకున్నాడు. అన్నీ ముందే తెలుసు అని ముసలితనంలో రాసుకున్నవి చదివి నమ్మేయకు.

సెప్టెంబర్ 2న సెడాన్‌లో నెపోలియన్ బందీ అయ్యాడు, అక్కడితో అయిపోలేదు, పారిస్‌లో రిపబ్లిక్ వచ్చింది, జనవరి 28 దాకా ముట్టడి సాగింది. ఈ మధ్యలో బవేరియా రాజు రెండో లుడ్విగ్ చేత చక్రవర్తి పదవి తీసుకోమని విల్‌హెల్మ్‌కి లేఖ రాయించారు, ముసాయిదా బిస్మార్క్‌దే, బదులుగా హనోవర్ రాజు నుంచి జప్తు చేసిన నిధిలోంచి లుడ్విగ్‌కి డబ్బు ముట్టింది. 1871 జనవరి 18న వెర్సాయ్ అద్దాల హాల్లో ప్రకటన. పుస్తకాల్లో కనబడే ఆంటోన్ ఫాన్ వెర్నర్ బొమ్మలో బిస్మార్క్ తెల్ల యూనిఫామ్‌లో మెరిసిపోతుంటాడు, నిజానికి ఆ రోజు వేసుకున్నది నీలం. విల్‌హెల్మ్ ఆ రోజు సంతోషంగా కూడా లేడు, బిరుదు "జర్మన్ చక్రవర్తి" అనా "జర్మనీ చక్రవర్తి" అనా అనే గొడవలో కోపంగా ఉన్నాడు.

ఇక్కడ నికోల్స్‌బర్గ్‌ని మళ్లీ గుర్తు తెచ్చుకో. 1871 మే 10 ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పందంలో ఆల్సేస్ దాదాపు అంతా, లొరేన్‌లో కొంత భాగం, 500 కోట్ల ఫ్రాంకులు తీసుకున్నారు. ఐదేళ్ల క్రితం జనరల్స్‌ని ఆపిన మనిషి ఈసారి ఆపలేదు, కొంత ఆపలేకపోయాడు, కొంత తనకీ కావాలనిపించింది. డబ్బు 1873కల్లా ఫ్రాన్స్ కట్టేసింది, భూమి మాత్రం మర్చిపోలేదు. మిగతా ఇరవై ఏళ్లూ బిస్మార్క్ విదేశాంగ విధానం అంతా ఫ్రాన్స్‌కి ఎవరూ తోడు దొరకకుండా చూడటమే. నీ ముగింపు పేరా ఈ పోలికతో రాయి, 1866 శాంతి, 1871 శాంతి పక్కపక్కన పెట్టి.

పటేల్ సంగతి. ఈ ప్రశ్నలో కలపొద్దు తల్లీ. ఆ పోలిక వినడానికి బాగుంటుంది కానీ లోపలికి వెళ్తే నిలబడదు. ప్రష్యా అనే ఒక రాజ్యం మిగతావాటిని తన కిందికి తెచ్చుకుంది, ప్రష్యా రాజే చక్రవర్తి అయ్యాడు, బవేరియా రాజు 1918 దాకా రాజుగానే ఉన్నాడు, శాంతికాలంలో తన సైన్యం, తన పోస్టు, తన రైల్వే తనవే. మన దగ్గర 550కి పైగా సంస్థానాలు కలిశాయి, కలిసింది ఒక రాజు కిందికి కాదు, రాజులే లేకుండా పోయారు. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా హైదరాబాద్‌లో జరిగిన సైనిక చర్యని 1866తో పోల్చాలనిపిస్తుంది, మన ఊరు కాబట్టి మనకి ఇంకా అనిపిస్తుంది, కానీ అక్కడ చుట్టూ పెద్ద రాజ్యాలని ఇంట్లో కూర్చోబెట్టే పదేళ్ల దౌత్యం ఉంది, ఇక్కడి సమస్య వేరు. ఎప్పుడైనా ప్రశ్నలోనే ఆ పోలిక అడిగితే అప్పుడు ఈ తేడాలతో రాయి.

ఇప్పుడు చేయాల్సిందేంటంటే, ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు యుద్ధాలకి మూడు గళ్లు గియ్యి, ఒక్కో గడిలో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, ఆస్ట్రియా, ఇటలీ ఆ ఏడాది ఎందుకు కదల్లేదో, లేదా ఎవరి పక్షాన ఎందుకు కదిలిందో ఒక్కో లైన్ తెలుగులోనే రాసుకో. కాగితం నిండాక పుస్తకం మూసేసి ఆన్సర్ నాలుగోసారి రాయి, మొదటి వాక్యం ఓల్మూట్జ్‌తో మొదలుపెట్టు. రాశాక నాకు పంపు, నేను చూస్తాను.